పిల్లల హక్కు పెద్దమనుషులు మాఫీ చేసేది కాదు

మీ ప్రశ్న – వకీలు జవాబు

పోయిన సంచికలో పిల్లల హక్కులు, తల్లిదండ్రుల బాధ్యతల మీద ప్రశ్నలు పంపమని అడిగాం. ఈసారి ఎక్కువ ఉత్తరాలు నల్లగొండ నుంచి, పాత పాలమూరు జిల్లా నుంచే వచ్చాయి. మనుషులు బయటపడకుండా వివరాలు కొంచెం మార్చి, కుదించి ఇస్తున్నాం. ఒక మాట మాత్రం ముందే చెప్తాను. మొగుడూ పెళ్లాల మధ్య ఏమైనా జరగనీ, తప్పు ఎవరిదైనా కానీ, పిల్లల తిండి, బట్ట, చదువు, వైద్యం, ఆస్తిలో వాటా, ఇవి పిల్లల సొంత హక్కులు. తల్లి వదులుకుంటానన్నా, తండ్రి ఇవ్వనన్నా, ఊరి పెద్దలు కూర్చుని కొట్టేసినా కోర్టులో అది నిలబడదు.

ప్రశ్న: మేడం గారూ, మాది హాలియా దగ్గర పల్లె. నాకు తొమ్మిదేండ్ల బాబు, ఆరేండ్ల పాప. మా ఆయనకు బోరు బండి ఉంది. ఇంకొకామెను చేసుకుని మిర్యాలగూడలో ఉంటున్నాడు. మూడేండ్ల కింద పెద్దమనుషులు పంచాయితీ పెట్టి నాకు 2 లక్షలు ఇప్పించి, బాండు పేపరు మీద 'ఇకపై నాకు గానీ, మా ఇద్దరికి పుట్టిన పిల్లలకు గానీ ఆయనతో ఏ సంబంధం లేదు, ఎప్పుడూ భరణం అడగను' అని రాయించి సంతకం పెట్టించారు. ఆ డబ్బులు అమ్మ ఆపరేషన్‌కు, ఉన్న అప్పులకు అయిపోయాయి. ఇప్పుడు బాబు ఫీజు అడిగితే 'తెగదెంపులైనయి, కోర్టుకు పో, ఆ కాగితం చూపిస్త' అంటున్నాడు. నేను మిషన్ కుట్టి ఇద్దరినీ సాకుతున్నాను. నిజంగా ఇంకేమీ అడగలేనా?

జవాబు: అడగొచ్చు చెల్లె, ఇవాళే అడగొచ్చు. ఆ కాగితానికి భయపడి మూడేండ్లు ఆగావు, ఇక ఆగకు.

నువ్వు సంతకం పెట్టింది నీ తరఫున. పిల్లల తరఫున వాళ్ల భరణం వదులుకునే అధికారం నీకు లేదు, పంచాయితీలో కూర్చున్న వాళ్లకు అసలే లేదు. పోషించే స్తోమత ఉండి కూడా పిల్లలను పట్టించుకోని తండ్రి నుంచి నెలనెలా భరణం ఇప్పించడానికి ఇంతకుముందు సీఆర్‌పీసీ 125వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది కానీ హక్కు మారలేదు. పైగా ఇది హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, గిరిజనుడు అనే తేడా లేకుండా అందరికీ వర్తిస్తుంది. పెళ్లి చేసుకుని కన్న పిల్లలా, పెళ్లి లేకుండా కన్న పిల్లలా అని కూడా చూడదు.

ఇక ఆ బాండు పేపరు సంగతి. దాని నకలు నీ దగ్గరుంటే భద్రంగా పెట్టుకో, లేకుంటే ఎవరి దగ్గరన్నా ఫోన్‌లో ఫొటో దొరుకుతుందేమో చూడు. ఎందుకంటే అందులో 'మా ఇద్దరికి పుట్టిన పిల్లలు' అని రాసి ఉంది, కింద ఆయన సంతకం కూడా ఉంటుంది. రేపు కోర్టులో 'వాళ్లు నా పిల్లలే కాదు' అనే మాట అనకుండా ఆ కాగితమే ఆయన నోరు కట్టేస్తుంది. నిన్ను బెదిరించడానికి దాచుకున్న కాగితం నీకే పనికొస్తుందన్నమాట. ఇచ్చిన 2 లక్షల ఊసు ఆయన తప్పకుండా ఎత్తుతాడు, నీ సొంత భరణం లెక్క కట్టేటప్పుడు కోర్టు దాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు కూడా. కానీ అంతటితో పిల్లల బాకీ తీరిపోయిందని మాత్రం అనదు.

ఇంకో సంగతి, బాండు పేపరు మీద విడాకులు కావు. హిందూ వివాహ చట్టం కింద విడాకులు కోర్టే ఇవ్వాలి, లేదా ఆ కులంలో తరతరాలుగా ఉన్న ఆచారం ఉందని గట్టిగా రుజువు చేసుకోవాలి. ఎస్టీలకు ఆ చట్టం వర్తించదు కాబట్టి తండాల్లో లెక్క వేరు, అక్కడ వాళ్ల ఆచారం చూస్తారు. నీ విషయంలో ఆ పెళ్లి ఇంకా బతికే ఉంటే ఆయన చేసుకున్న రెండో పెళ్లి నేరం. ఆ కేసు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేను మాత్రం ముందు భరణం మీద పడమంటాను. ఆమెకు పిల్లలుంటే వాళ్లు కూడా ఏ తప్పూ చేయలేదు, వాళ్లకూ ఆయన మీద ఇదే హక్కు ఉంటుందని గుర్తుపెట్టుకో.

కేసు వేయడానికి మిర్యాలగూడ దాకా తిరగాల్సిన పని లేదు. నువ్వు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, లేకుంటే మేజిస్ట్రేట్ దగ్గర. వకీలు ఫీజు గురించి టెన్షన్ పడకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతున్నా సరే ఉచితంగా వకీలును పెట్టాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్తోంది. నల్లగొండలో జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు, లేదా 15100కు ఫోన్ చెయ్. పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, బడి ఫీజు రసీదులు, మందుల బిల్లులు, పెళ్లి ఫొటో, రేషన్ కార్డు పట్టుకెళ్లు. బోరు బండి నంబరు తెలిస్తే అదీ రాసుకో. 'నాకు ఆదాయం లేదు, బండి మా తమ్ముడిది' అనడం మగవాళ్లకు అలవాటు. అందుకే 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా వేయాల్సిందేనని చెప్పింది. అందులో అబద్ధం రాస్తే అదొక కొత్త నేరం. భరణాన్ని అర్జీ పెట్టిన రోజు నుంచి లెక్కగట్టాలని కూడా అదే తీర్పులో ఉంది. అర్జీ ఎన్ని రోజులు లేటైతే పిల్లలకు అన్ని రోజుల డబ్బు నష్టం, నిన్ను తొందర పెడుతున్నది అందుకే.

అసలు కేసు తేలేలోపు మధ్యంతర భరణం అడుగు. దాన్ని ఆయనకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. మన కోర్టుల్లో అన్నిసార్లూ అలా జరగడం లేదు, వాయిదాలు పడతాయి, అది నాకూ కోపం తెప్పించే విషయమే, అయినా అడగకపోతే అసలే రాదు. ఆర్డరు వచ్చాక కట్టకపోతే బాకీ పడ్డ నెలలకు వారెంటు తీయించొచ్చు, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు పడొచ్చు. 'జైలుకు పోయొచ్చిన కదా, ఇక బాకీ లేదు' అనడానికి కూడా వీల్లేదు, శిక్ష అనుభవించినా బాకీ అలాగే ఉంటుంది. అయితే వారెంటు అడగడానికి గడువు ఏడాదే. బాకీని రెండు మూడేండ్లు పేరుకోనిచ్చి ఒకేసారి అడుగుదామనుకోకు.

పిల్లలకు తండ్రి మీద విషం నూరిపోయకు చెల్లె. నీకు ఆ కోపం రావడం న్యాయమే, కానీ భరణం వేరు, ఆ బాబుకు తండ్రి మీదుండే ప్రేమ వేరు.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్. మాది కల్వకుర్తి వైపు. నాకు 17 ఏండ్లు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించి 18 దాటినట్టు చేశారు. వచ్చే నెలలో లగ్గం. చదువుకుంటానంటే మా నాయిన 'ఆడపిల్ల పెండ్లి చేసుడు తండ్రిగా నా బాధ్యత' అంటున్నాడు. నాకు నాయినంటే ఇష్టం. ఎవరికన్నా చెప్తే ఆయనను జైల్లో వేస్తారా?

జవాబు: బిడ్డా, మీ నాయినను కాపాడాలన్నా నువ్వు ఇప్పుడే చెప్పాలి. పెళ్లి జరగకముందు తెలిస్తే అధికారులు ఇంటికొచ్చి మాట్లాడతారు, కౌన్సెలింగ్ చేస్తారు, 18 నిండే దాకా చేయమని రాయించుకుంటారు, మామూలుగా అక్కడితో ఆగిపోతుంది. పెళ్లి జరిగిపోయిందనుకో, 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద అది బెయిలు రాని నేరం. చేసిన తల్లిదండ్రులకు, కుదిర్చిన వాళ్లకు, తంతు జరిపించిన అయ్యగారికి రెండేండ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ఈ చట్టం కింద ఆడవాళ్లకు జైలు వేయరు, అంటే జైలుకు పోయేది మీ నాయినే. పెళ్లికొడుకు పరిస్థితి ఇంకా ఘోరం. పెళ్లి అయినా సరే 18 నిండని భార్యతో కాపురం చేస్తే అది అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, అంటే పోక్సో కింద కేసు కూడా పడుతుంది.

1098కి ఫోన్ చెయ్. డబ్బులు పడవు, రాత్రి పగలు పలుకుతారు. నీ దగ్గర ఫోన్ లేకుంటే కాలేజీ మేడంతో గానీ అంగన్‌వాడీ టీచర్‌తో గానీ చేయించు. నీ టెన్త్ మెమో ఫొటో తీసి నమ్మకమైన దోస్తుకు పంపి పెట్టు. ఆధార్‌లో తేదీ మార్పించినంత మాత్రాన నీ వయసు మారదు. వయసు తేల్చడానికి బడి సర్టిఫికెట్, టెన్త్ మెమోనే ముందు చూస్తారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. ఇంట్లో వాళ్లు వినకపోతే మేజిస్ట్రేట్ పెళ్లి ఆపమని ఆర్డరు ఇస్తారు, ఆ ఆర్డరు ఉండగా ఎక్కడో గుడికి తీసుకెళ్లి తాళి కట్టించినా ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు.

ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే, పెళ్లి చేసే ప్రమాదంలో ఉన్న పిల్లలను కూడా సంరక్షణ అవసరమైన పిల్లలుగానే జువెనైల్ జస్టిస్ చట్టం లెక్కిస్తుంది. బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచి, ఉండడానికి చోటు, చదువు చూపిస్తారు. కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ దాకా ఉంది. భయంతో మాత్రం ఎవరినో నమ్మి ఊరు విడిచి వెళ్లకు.

మీ నాయిన ఈ పత్రిక చదివితే ఆయనకో మాట. అన్నా, 18 నిండకుండా పెళ్లి చేస్తే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు కూడా రావు. తండ్రి బాధ్యత అని చట్టం రాసిన వాటిలో చదివించడం ఉంది, పోషించడం ఉంది, 17 ఏండ్లకు పెళ్లి చేయడం ఎక్కడా లేదు. నీ బిడ్డ ఉత్తరంలో 'నాకు నాయినంటే ఇష్టం' అని రాసింది, అది కాస్త చూడు.

ఇప్పటికే ఇలా పెళ్లయిపోయిన ఆడపిల్లలు ఎవరన్నా చదువుతుంటే, 18 నిండాక రెండేండ్ల లోపు, అంటే 20 నిండేలోపు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. అప్పటికి పిల్లలు పుట్టి ఉన్నా వాళ్ల హక్కులకు ఏమీ కాదు.

ప్రశ్న: మాది జడ్చర్ల. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. కోర్టు చెప్పినట్టు నెలనెలా పిల్లాడికి 8 వేలు పంపుతున్నాను. కానీ పిల్లాడిని చూపించరు, ఫోన్ ఇవ్వరు. చూపించేదాకా డబ్బులు ఆపేద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పే తమ్ముడూ. డబ్బు ఆపితే ఆకలయ్యేది నీ భార్యకు కాదు, నీ కొడుక్కు. పైగా ఇప్పటిదాకా ఒక్క నెల తప్పకుండా కట్టిన తండ్రిగా కోర్టులో నీకున్న మంచి పేరు పోతుంది, వారెంటు తీయించే అవకాశం నువ్వే చేతికిచ్చినట్టవుతుంది.

నీ బాధ మాత్రం న్యాయమైనది. పిల్లాడిని చూపించకపోవడం నీకు జరిగిన అన్యాయమే కాదు, ఆ పిల్లాడికి జరిగిన అన్యాయం. తల్లీ తండ్రీ ఇద్దరి ప్రేమా పొందే హక్కు పిల్లలకు ఉందని, కలిసి ఉండలేకపోతే వీడియో కాల్‌లో అయినా మాట్లాడే ఏర్పాటు ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు అన్నది. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, లేదా మీ మధ్య విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లాడిని చూసే ఏర్పాటు కోసం అర్జీ వెయ్. ఆదివారం ఇన్ని గంటలు, దసరా సెలవుల్లో ఇన్ని రోజులు, వారంలో ఇన్నిసార్లు వీడియో కాల్ అని స్పష్టంగా అడుగు. 'అప్పుడప్పుడు చూపించాలి' అని గాలికి రాయించుకుంటే మళ్లీ గొడవే. ఐదేండ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెప్తుంది కాబట్టి మీవాడు చిన్నోడైతే పూర్తిగా నాకే ఇవ్వమని పట్టుబట్టకు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపు, చేతికివ్వకు.

పిల్లలను దాచే తల్లులకు కూడా చెప్తున్నా, మీ మొగుడు చెడ్డ మొగుడు కావొచ్చు, పిల్లాడికి చెడ్డ తండ్రి కాకపోవచ్చు. కొట్టేవాడు, తాగొచ్చి భయపెట్టేవాడు అయితే ఆ సంగతి కోర్టుకు చెప్పండి, ఎవరో ఒకరి సమక్షంలో చూసేలా ఆర్డరు ఇస్తారు.

ప్రశ్న: గద్వాల దగ్గర సర్కారు బడిలో టీచర్‌ను. సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు బడికి రారు. ఇంటికి పోతే 'మా చేను, మా పిల్ల, మీకేం?' అంటారు. కొందరైతే వేరేవాళ్ల చేనుకు పంపుతామని ముందే అడ్వాన్స్ తీసుకున్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: సారూ, ముందు ఈ పని చూడని వాళ్లకు రెండు ముక్కలు. పొద్దుగూకేముందు ఆడ మొక్కల మొగ్గలు వలిచి లోపలి కేసరాలు తీసేస్తారు, తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే, వందల పువ్వులకు, వారాల తరబడి. చిన్న వేళ్లయితే పని సాఫీగా అవుతుందని, ఎత్తు కూడా మొక్కకు సరిపోతుందని, కూలి తక్కువని పిల్లలను దింపుతారు. మందు కొట్టిన చేనులోనే పొద్దంతా వంగి నిలబడతారు. పొద్దున్నా సాయంత్రమూ పని ఉంటుంది కాబట్టి బడికి సమయమే మిగలదు.

చట్టం సూటిగానే ఉంది. బాలకార్మికుల చట్టానికి చేసిన 2016 సవరణ తర్వాత 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు, వ్యవసాయానికి మినహాయింపు లేదు. సొంత ఇంటి పనిలో సాయం చేయొచ్చు కానీ బడి అయిపోయాకో, సెలవుల్లోనో, చదువు చెడకుండా మాత్రమే. 'మా చేను, మా పిల్ల' అన్న మాట బడి ఎగ్గొట్టించినప్పుడే చెల్లకుండా పోతుంది. ఇక వేరేవాళ్ల చేను అయితే ఆ చేను ఆసామికి ఆరు నెలల నుంచి రెండేండ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. విత్తన కంపెనీకీ రైతులకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని దానికింద పిల్లను కట్టేస్తే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు కట్టాల్సిన పనే లేదు, రద్దయినట్టే. ఈ ఒక్క మాట ఊర్లో చాటింపు వేయించినా చాలామంది పిల్లలు బడికొస్తారని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే తల్లిదండ్రులు అడ్వాన్స్ తిరిగి కట్టలేకే భయపడి పంపుతున్నారు.

ఆరు నుంచి 14 ఏండ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 2009 విద్యాహక్కు చట్టంలో 10వ సెక్షన్ చెప్తోంది, రాజ్యాంగం 51ఏ లో కూడా ఆ బాధ్యత చేర్చారు. కానీ చేర్చకపోతే తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష లేదు. అలా ఉండడమే నయమని నా అభిప్రాయం. వలసపోయే పాలమూరు కూలి కుటుంబాన్ని జైల్లో వేస్తే ఆ పిల్ల చదువు బాగుపడదు. కేసు పెట్టాల్సింది పనిలో పెట్టుకున్న వాళ్ల మీద. మీరు 1098కి, కార్మిక శాఖకు, కలెక్టర్‌కు పిల్లల హాజరు వివరాలతో రాతపూర్వకంగా పంపండి. హాజరు పట్టీలో క్రాసింగ్ నెలల్లోనే వరుసగా గైర్హాజరు కనిపిస్తుంది చూడండి, దానికి మించిన సాక్ష్యం లేదు.

ప్రశ్న: మాది కొల్లాపూర్ వైపు. మా ఆయన మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయేసరికి నాకు ఐదో నెల. పెద్దపాపకు నాలుగేండ్లు, తర్వాత పుట్టింది కూడా పాపే. అన్నదమ్ములు ఎప్పుడో పంచుకోగా మా ఆయన పేరు మీద 4 ఎకరాల పట్టా ఉంది. 'మగపిల్లగాడు లేడు, చిన్నది తండ్రి పోయినంక పుట్టింది, భూమి మాదే' అని మా బావ అంటున్నాడు. సగం అమ్మి పంచుకుందామని నాతో సంతకం అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, సంతకం పెట్టకు. మీ బావకు ఆ భూమిలో గుంట కూడా రాదు.

వీలునామా రాయకుండా చనిపోయిన హిందువు ఆస్తి ముందు భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా పోతుంది. మీ అత్తమ్మ బతికే ఉంటే నువ్వు, ఇద్దరు పాపలు, ఆమె, నలుగురికి తలా ఒక ఎకరం. ఆమె లేకుంటే మీ ముగ్గురికే. కొడుకైనా బిడ్డైనా వాటాలో తేడా లేదు. కడుపులో ఉన్న బిడ్డ తర్వాత ప్రాణంతో పుడితే, తండ్రి చనిపోయే నాటికే పుట్టినట్టుగా లెక్కించి వాటా ఇవ్వాలని హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్‌లో రాసి ఉంది. నీ చిన్నపాప కోసమే రాసినట్టుంది ఆ సెక్షన్. రేపు నువ్వు మళ్లీ పెళ్లి చేసుకున్నా నీ వాటా గానీ, పిల్లల వాటా గానీ పోదు.

ఇప్పుడు చేయాల్సింది ఫౌతి, అంటే చనిపోయిన మనిషి పేరు మీది భూమిని వారసుల పేరుకు మార్పించడం. తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు చిన్నపాప పేరు ఉందో లేదో నీ కళ్లతో చూసుకో, చదవడం రాకుంటే బడి పంతులుతో చదివించుకో. మరణ ధ్రువీకరణ, ఇద్దరు పాపల పుట్టిన సర్టిఫికెట్లు జత చెయ్. చిన్నపాప పుట్టుక నమోదు కాకుండా ఉంటే ముందు ఆ పని చూడు. బావ వాళ్లు ముందే దరఖాస్తు పెట్టారేమో ఆరా తీసి, నీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో.

పిల్లల వాటా అమ్మడం నీ చేతుల్లో కూడా లేదని తెలుసుకో. మైనర్ల భూమి అమ్మాలంటే, తాకట్టు పెట్టాలంటే తల్లైనా ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే ఆ పిల్లలు 18 నిండాక మూడేండ్ల లోపు దావా వేసి ఆ అమ్మకాన్ని కొట్టేయించొచ్చు. కొనేవాళ్లకు ఈ మాట చెప్పు, సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

ప్రశ్న: దేవరకొండ దగ్గర తండాలో అంగన్‌వాడీ టీచర్‌ను. ఒకామెకు మూడో కాన్పులోనూ ఆడపిల్లే. పట్నం నుంచి ఎవరో వచ్చి లక్ష ఇస్తాం, బాండు రాసి పిల్లను ఇవ్వమంటున్నారట. దత్తతే కదా, మంచిగా పెరుగుతుంది కదా అని ఆ తల్లి అడుగుతోంది.

జవాబు: అది దత్తత కాదు టీచరమ్మా, అమ్మకం. 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా దేవరకొండ తండాల పసిపిల్లల అమ్మకాలు బయటపడి రాష్ట్రమంతా దుమారం రేగింది, ఊర్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద పిల్లలను అమ్మినా కొన్నా ఐదేండ్ల దాకా జైలు, లక్ష జరిమానా. మధ్యవర్తి కూడా తప్పించుకోలేడు. అన్నిటికన్నా, ఆ పిల్ల ఎక్కడికి పోతుందో, ఎవరి చేతుల్లో పడుతుందో ఆ కాగితం మీద ఉండదు.

నిజంగానే పెంచలేని పరిస్థితి ఉంటే చట్టం ఆ తల్లికి దారి మూసేయలేదు. బాలల సంక్షేమ సమితి దగ్గరకు వెళ్లి పిల్లను అప్పగించొచ్చు. ఎవరూ కేసు పెట్టరు, వివరాలు రహస్యంగా ఉంచుతారు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాతే శిశుగృహలో ఉన్న పాపను చట్టప్రకారం దత్తతకు ఇస్తారు. చెట్టు కిందో బస్టాండ్‌లోనో వదిలిపెడితే మాత్రం ఏడేండ్ల దాకా శిక్ష ఉన్న నేరం. మీరు ఆమెను ఒంటరిగా పంపకుండా తోడు వెళ్లండి. చాలామంది తల్లులు ఆ 60 రోజుల్లో బిడ్డను వెనక్కి తెచ్చుకోవాలనుకుంటారు, అప్పుడు అత్తగారి ఇంట్లో ఆమె తరఫున మాట్లాడే మనిషి కావాలి.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. నాకు 20 ఏండ్లు, బీటెక్ చదువుతున్నా. అమ్మానాన్న విడిపోయారు. 'నీకు 18 నిండినయి, ఫీజు కట్టే పని నాకు లేదు' అంటున్నాడు నాన్న, ఆయన గవర్నమెంటు ఉద్యోగి. నిజమేనా?

జవాబు: సగమే నిజం బిడ్డా. పైన చెప్పిన 144వ సెక్షన్ కింద 18 నిండాక, వైకల్యం ఉంటే తప్ప, భరణం రాదు. కానీ 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురిని పెళ్లయ్యేదాకా పోషించాల్సిన బాధ్యత తండ్రికి ఉంది, 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ స్పష్టం చేసింది. దానికి వేరే దావా వేయాలి, మేజిస్ట్రేట్ దగ్గర కాదు, ఫ్యామిలీ కోర్టులో. ఉద్యోగి కాబట్టి జీతం దాచలేడు. కొడుకులకు 18 తర్వాత ఇంత గట్టి సెక్షన్ లేదు, అది నాకు న్యాయంగా అనిపించదు, డిగ్రీ మధ్యలో పిల్లాడి చదువు ఆగితే ఎవరికి లాభం?

ప్రశ్న: నారాయణపేటలో ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదివే మా బాబుకు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. సర్కారు బడిలో టీసీ లేకుండా చేర్చుకుంటారా?

జవాబు: చేర్చుకోవాలి. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని, వయసు సర్టిఫికెట్ లేదని సర్కారు బడి కాదనకూడదని విద్యాహక్కు చట్టం 5, 14 సెక్షన్లలో ఉంది. రేపే తీసుకెళ్లండి, కాదంటే మండల విద్యాధికారి (ఎంఈఓ)కి రాసివ్వండి. ఫీజు బాకీ మీకూ ఆ యాజమాన్యానికీ మధ్య లెక్క. దాన్ని మీరు తర్వాత మెల్లగా తేల్చుకోవచ్చు, బాబు మాత్రం సోమవారం నుంచి బడిలో కూర్చోవాలి.